కిష్టయ్య ఆటో ఆపే చోటు

లోహిత్‌కి పద్దెనిమిదేళ్లు నిండిన రోజున స్కూలువాళ్లు కేకు కోయించి, మెడలో దండ వేసి, ఫొటో తీసి పంపించేశారు. "ఇది పిల్లల స్కూలు కదండీ, ఇంక మా రూల్స్ ఒప్పుకోవు," అన్నారు. వాళ్లని తిట్టుకుని లాభం లేదు, మంచివాళ్లే. కానీ ఆటిజం అనేది పద్దెనిమిదో పుట్టినరోజున కేకుతోపాటే అయిపోతుందని మొదట ఎవరు నిర్ణయించారో గానీ, ఆ మహానుభావుడు కనిపిస్తే నాలుగు మాటలు అడగాలని ఉంది.

తల్లి బాలాత్రిపురసుందరిది కాకినాడ. ఇక్కడ ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. భర్త సోమేశ్వరరావు అంతకు ముందు ఏడాదే గుండెపోటుతో పోయాడు. కొత్తగూడ దగ్గర ఒక సందులో, నాలుగో అంతస్తు ఫ్లాటులో తల్లీ కొడుకూ ఇద్దరే. కేకు కోసిన మర్నాడు ఆవిడ సెలవు పెట్టింది. "ఇంక స్కూలు లేదు నాన్నా," అని పదిసార్లు చెప్పింది. లోహిత్ విన్నాడు. విని, సరిగ్గా ఎనిమిదింపావుకి తయారై కిందికి దిగి గేటు దగ్గర నిలబడ్డాడు. పదకొండైనా కదల్లేదు. చెయ్యి పట్టుకుని లాగితే ఆ చేతినే కొరుక్కున్నాడు. రెండో రోజూ అదే వరస. మూడో రోజు ఆటో వచ్చింది.

అది కిష్టయ్య ఆటో. తొమ్మిదేళ్లపాటు లోహిత్‌ని స్కూలుకి తిప్పిన మనిషి ఆయన. దేవరకొండ వైపువాడు. ఇక్కడ ఇంకా గుట్టలు పగలగొడుతున్న రోజుల్లో కూలికి వచ్చాడు. తర్వాత పదిహేనేళ్లు వంతెనల పనుల్లో స్లాబులకి సెంట్రింగ్ చెక్కలు కట్టాడు. నడుం పట్టేశాక ఆటో పట్టాడు. లింగంపల్లిలో కిరాయి ఇల్లు.

"మా సారు రెండు దినాల సంది గేటు కాడ నిలబడుతున్నడని మీ వాచ్‌మన్ రవీందర్ చెప్పిండమ్మా," అన్నాడు. చిన్నప్పటి నుంచీ లోహిత్‌ని 'మా సారు' అనే అంటాడు. "జర నాతోని పంపు. రెండు దినాలు తిప్పుకొస్త. ఆటో మోజు తీరితే ఆయనే మరుస్తడు."

ఆ రెండు దినాలు కాస్తా ఐదేళ్లయ్యాయి.

తీసుకెళ్లింది ఎక్కడికనుకున్నారు? మెయిన్ రోడ్డుకి అవతల, ఆయన భార్య లచ్చమ్మ నడిపే కర్రీ పాయింటుకి. గదుల్లో అన్నం మాత్రం వండుకునే ఐటీ కుర్రాళ్లు కూరలు కొనుక్కుపోయే కొట్టు అది. లచ్చమ్మ ఒక మూల స్టూలు వేసి కూచోబెట్టింది. నెల రోజులు ఊరికే కూచున్నాడు. ఆ తర్వాత ఒకరోజు రబ్బరు బ్యాండ్ల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. అప్పటి నుంచి కూర కవర్లకి రబ్బరు బ్యాండ్లు వెయ్యడం లోహిత్ పని. ఒకటి చాలిన చోట నాలుగు వేస్తాడు. వాడు కట్టిన పప్పుచారు కవరు విప్పాలంటే పళ్లు ఊడాలి. ఎవడో ఒకడు విసుక్కుంటే లచ్చమ్మ ఊరుకోదు. "కంపెనీల అంత పెద్ద పని చేస్తవంట, గింత కవరు ఇప్పరాదా? కత్తెర కొనుక్కో బిడ్డా," అంటుంది. ఇదేం అద్భుత కథ కాదని ముందే చెబుతున్నాను. లోహిత్ లెక్కల్లో మేధావి కాదు, బొమ్మలు వెయ్యడు, మాటలు కూడా పాతిక ముప్పైకి మించి లేవు. కుక్కర్ కూతేస్తే చెవులు మూసుకుని గోడకి తిరిగి కూచుంటాడు. అయినా ఆ స్టూలు మీద వాడికో రోజు ఉండేది. పొద్దున బయల్దేరడానికో చోటు, సాయంత్రం తిరిగి రావడానికో ఇల్లు. మనకందరికీ ఉండేవే.

ఎదురుగా చూస్తే ఆకాశానికి అంటుకున్న అద్దాల భవనాలు. ఫోను నొక్కితే పది నిమిషాల్లో ఉల్లిపాయలు గుమ్మంలోకొచ్చే ఊరు. అలాంటి ఊళ్లో ఇరవై మూడేళ్ల లోహిత్ పగలు కూచోవడానికి ఉన్నది లచ్చమ్మ వేసిన స్టూలొక్కటే! అదీ అందరికీ దొరకలేదు. లోహిత్‌తోపాటే స్కూలు నుంచి బయటికొచ్చిన కావ్య అనే పిల్ల ప్రగతి నగర్‌లో ఒక గదిలోనే ఉండిపోయింది. "ఆడపిల్లను ఆటోవాని ఎంట ఎట్ల పంపుతరమ్మ? తప్పు వాళ్లది గాదు," అని కిష్టయ్య చాలాసార్లు బాధపడ్డాడు.

లోహిత్ ఆరడుగులు పెరిగాడు. గడ్డం వచ్చింది. ఇదివరకు లిఫ్టులో బుగ్గ గిల్లినవాళ్లే ఇప్పుడు వాణ్ణి చూసి లిఫ్టు వదిలేసి మెట్లెక్కుతున్నారు. మాటలు నేర్పే టీచరు మొదట వారానికి మూడు రోజులు వచ్చేది, తర్వాత ఒక రోజు, తర్వాత ఫోను ఎత్తడం మానేసింది. పనిమనిషీ అంతే. తోడికోడలూ అంతే. ఎవరూ మొహం మీద 'మావల్ల కాదు' అనలేదు పాపం. అందరూ కొంచెం కొంచెంగా తప్పుకున్నారు. బాలాత్రిపురసుందరికి ఆ తప్పుకోవడం బాగా తెలిసిపోయింది. మనిషి మొదటి అడుగు వెనక్కి వేసినప్పుడే పసిగట్టేసేది.

అందుకే పోయినేడాది వానాకాలంలో ఆటో గేటు దగ్గర కాక, ఇరవై గజాల అవతల ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆగిన రోజున ఆవిడ అది ఆ మొదటి అడుగేననుకుంది.

బాల్కనీలోంచి చూస్తోంది. లోహిత్ గేటు దగ్గర నిలబడ్డాడు, ఆటో అక్కడ ఉంది. కిష్టయ్య దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడే తప్ప ముందుకి రాలేదు. లోహిత్ అరిచాడు. నేల మీద కూచుండిపోయాడు. పావుగంట తర్వాత లేచి, ఏడుస్తూనే నడిచి వెళ్లి ఆటో ఎక్కాడు. సాయంత్రం ఆవిడ అడిగితే కిష్టయ్య, "నీళ్ల ట్యాంకర్ అడ్డమున్నదమ్మా," అన్నాడు. అక్కడ ట్యాంకరూ లేదు, దాని చక్రమూ లేదు. ఆవిడ కళ్లతో చూసింది.

రెండు నెలలకి ట్రాన్స్‌ఫార్మర్ అలవాటైపోయింది. అప్పుడు ఆటో ఇస్త్రీ బండి దగ్గరికి జరిగింది. మళ్లీ ఏడుపులు, మళ్లీ చెయ్యి కొరుక్కోవడం. ఈసారి సాకు, కేబులు కోసం రోడ్డు తవ్వారని. ఆ తర్వాత పాల బూత్. ఆ తర్వాత గుడ్ల కొట్టు. ఈ ఏడాది మళ్లీ వానలు మొదలయ్యేసరికి ఆటో సందు చివర, మెయిన్ రోడ్డు మీదున్న మెడికల్ షాపు దగ్గర ఆగుతోంది. బాల్కనీలోంచి కనిపించను కూడా కనిపించదు.

ఒక ఆదివారం ఆవిడ కిష్టయ్యని పిలిపించి కడిగేసింది.

"తప్పుకోవాలనుకుంటే మొహం మీద చెప్పెయ్యి కిష్టయ్యా. ఆ బిడ్డని ఇలా రోజుకింత ఏడిపించడం దేనికి? ఇన్నేళ్లు చేశావు, నీకు రుణపడి ఉంటాను. కానీ నాటకాలు మాత్రం వద్దు."

కిష్టయ్య తల వంచుకుని విన్నాడు. "గట్లేం లేదమ్మా," అన్నాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "ఇగ పోయొస్త." అంతే. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

ఆ కోపంలోనే వేరే చోటు వెతకడం మొదలుపెట్టింది. ఎన్ని ఫోన్లు చేసిందో! అందరూ మర్యాదగానే మాట్లాడారు. "బాబు వయసెంత మేడమ్?" అనేవారు. "ఇరవై మూడండీ," అనేది. "మా దగ్గర పద్నాలుగు దాకానే అండీ." "మావాళ్లు చిన్నపిల్లలకే ట్రైనింగ్ అయ్యారండీ." ఒకాయనైతే, "మీ తర్వాత ఎవరు చూస్తారు మేడమ్?" అని ఈవిణ్ణే అడిగాడు. అది తెలిస్తే ఆయనకి ఫోనెందుకు చేస్తుంది? ఊరి బయట పెద్దవాళ్లని ఉంచుకునే చోటు ఒకటుందంటే క్యాబ్ మాట్లాడుకుని వెళ్లి చూసింది. వరండాలో పదిమంది మగవాళ్లు గోడకానుకుని కూచున్నారు. తలుపుకి బయటినుంచి గొళ్లెం. ఎవరూ ఏమీ చెయ్యడం లేదు. అందులో ఒకతను ఆవిణ్ణి చూసి, ఆవిడ చేతిలో సంచీని చూసి లేచి నిలబడ్డాడు. తనని తీసుకెళ్లడానికి వచ్చిందనుకున్నాడు. ఆవిడ కారెక్కి తలుపేసుకుని ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చింది.

ఇంకో రెండేళ్లలో ఆవిడ రిటైరవుతుంది. కిష్టయ్య తప్పుకుంటే రేపే ఉద్యోగం మానాలి. మానినా, తర్వాత? తను పోయాక? ఆ గొళ్లెం తలుపే గతా? ఆవిడ బతుకంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

సెప్టెంబరులో ఒక సోమవారం. ఎప్పట్లాగే ఎనిమిదింపావుకి లోహిత్ వెళ్లాడు. గుడ్ల కొట్టు దాటేదాకా చూసి ఆవిడ ఆఫీసుకి బయల్దేరింది. తొమ్మిదింపావుకి ఫోను మోగింది. కొత్త నంబరు.

"అమ్మా, కిష్టయ్యను. పొద్దుగాల ఆటోల గ్యాస్ పోయించుకుంటుంటే షుగర్ డౌనై పడిపోయినంట. ఎవలో దవాఖానల ఏసిన్రు. ఇప్పుడే తెలివొచ్చింది, నర్సమ్మ ఫోన్ల కెల్లి చేస్తున్న. లచ్చమ్మకు గూడ చెప్పలే, ముందుగాల నీకే. అమ్మా, నేను రాలే. సారు యాడున్నడు?"

ఎవరికీ చెప్పలేదు, సెలవు చీటీ రాయలేదు. చెప్పులు సరిగా తొడుక్కున్నదో లేదో కూడా తెలీదు. దొరికిన ఆటో ఎక్కేసి, డ్రైవర్ని తొందరపెడుతూ, దేవుళ్లందరినీ పేరు పేరునా పిలుచుకుంటూ పోయింది. కొత్తగూడలో ఆ వేళప్పుడు రద్దీ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పైన ఫ్లైఓవర్ నిండా కార్లు, కింద బస్సులు, ఆఫీసు క్యాబులు, సందు దొరికితే దూరే బైకులు. మనలాంటివాళ్లమే దాటడానికి జంకుతాం.

మెడికల్ షాపు దగ్గర దిగింది. ఉన్నాడు! సరిగ్గా రోడ్డు అంచున, వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఎనిమిదిన్నర నుంచి అక్కడే ఉన్నాడు మేడమ్," అన్నాడు షాపతను. "నీళ్లిచ్చినా తాగలేదు. ఇంటికెళ్లమంటే వెళ్లలేదు. ఊరికే అటు చూస్తున్నాడు."

గంటన్నర. ఆ హారన్ల మధ్య, ఆ ఎండలో గంటన్నర! కుక్కర్ కూతకే గోడకి తిరిగే పిల్లాడు. అరవలేదు, కింద కూచోలేదు, వెనక్కి పోలేదు. లోహిత్ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, రోడ్డుకి అవతలి వైపున్న కొబ్బరిబోండాల బండి వంకే చూస్తున్నాడు. ఒక కాలు రోడ్డు మీదికి దించుతున్నాడు, మళ్లీ పైకి తీసుకుంటున్నాడు.

ఆవిడ పది అడుగుల దూరంలో ఉండగా సిగ్నల్ పడింది. మెడలో ఐడీ కార్డులతో నిలబడ్డ గుంపు ఒక్కసారిగా రోడ్డు మీదికి దిగింది. ఆ గుంపుతో లోహిత్ దిగాడు.

"లోహిత్!" అని అరిచింది. ఆ గోలలో ఎవరికి వినిపిస్తుంది? పైగా వాడు చెవులు మూసుకుని ఉన్నాడు. ఆరడుగుల మనిషి, రెండు మోచేతులూ రెక్కల్లా బయటికి చాచి, ఒక్కో అడుగూ కొలిచినట్టు వేసుకుంటూ వెళుతున్నాడు. ముందున్న బైకువాడు విసుగ్గా హారన్ కొట్టాడు. లోహిత్ ఆగాడు. ఆవిడ ప్రాణం అక్కడే ఆగింది. వాడు కళ్లు గట్టిగా మూసుకుని తెరిచి, మళ్లీ నడిచాడు. డివైడర్. ఇంకో సగం. అవతలి అంచు.

దాటేశాడు. చెవులు మూసుకునే దాటేశాడు!

ఆవిడ ఎలా దాటిందో ఆవిడకే తెలీదు. అటు చేరేసరికి లోహిత్ కొబ్బరిబోండాల బండి పక్కన నిలబడి ఉన్నాడు. బండతను వాణ్ణి చూసి, "ఏంది సారూ, ఇయ్యాల పొద్దుగాలనే వచ్చినవ్? కిష్టన్న యాడ?" అని పలకరించాడు.

"మీకు మావాడు తెలుసా?" అంది ఆవిడ రొప్పుతూ.

"ఎందుకు తెల్వదమ్మా? కిష్టన్న రోజు సాయంత్రం ఆటో ఈడ్నే ఆపుతడు. సారు లచ్చమ్మ కొట్టు కాడికెల్లి ఒక్కడే నడుసుకుంటొచ్చి ఎక్కుతడు. మొదట్ల కొట్టు ముంగటనే ఆపుతుండె. తర్వాత బ్యాంకు కాడ, తర్వాత టైర్ల షాపు కాడ. ఇప్పుడు ఈడ. ఏమో, ఆయన లెక్క ఆయనకే ఎరుక."

లోహిత్ ఒక నిమిషం అక్కడ నిలబడి, తల్లి వైపు చూడను కూడా చూడకుండా ముందుకి కదిలాడు. టైర్ల షాపు దగ్గర ఒక నిమిషం. బ్యాంకు దగ్గర ఒక నిమిషం. ఆవిడ వెనకాలే నడిచింది. ఇరవై మూడేళ్లుగా చెయ్యి వదలకుండా నడిపించిన కొడుకు ముందు నడుస్తుంటే, దారి తెలియనిదానిలా వాడి వెనకాల నడిచింది. కొట్టు వచ్చింది. లోహిత్ లోపలికి వెళ్లి, స్టూలు మీద కూచుని, రబ్బరు బ్యాండ్ల డబ్బా లాక్కున్నాడు.

"ఏంది సారూ, గింత లేటు?" అంటూ తలెత్తిన లచ్చమ్మ, వెనక ఆవిణ్ణి చూసి గరిటె వదిలేసింది.

లచ్చమ్మ అప్పటికప్పుడు దవాఖానకి పరుగెత్తింది. సాయంత్రం లోహిత్‌ని వాచ్‌మన్ రవీందర్‌కి అప్పజెప్పి బాలాత్రిపురసుందరి వెళ్లింది. కిష్టయ్య మంచం మీద గ్లూకోజు బాటిలుతో ఉన్నాడు. ఆవిణ్ణి చూసి లేవబోయాడు. ఆవిడ భుజం పట్టి పడుకోబెట్టి, పక్కనే కూచుంది. అడగాల్సింది ఒక్కటే ఉంది.

"నాకెందుకు చెప్పలేదు కిష్టయ్యా?"

"చెప్తే ఒప్పుకుంటుంటివా అమ్మా?"

ఆవిడ ఆలోచించింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదు," అంది.

"గందుకే. పోయినేడు కండ్ల డాక్టర్ చెప్పిండు, షుగర్‌తోని చూపు పోతున్నదని. ఇంకో ఏడాదో, ఏడాదిన్నరో ఆటో నడుపుతవన్నడు. నాకు నా ఫికర్ లేదమ్మా, లచ్చమ్మ ఉన్నది. సారుకెవలున్నరు? నేను రాని దినం మల్ల గేటు కాడ్నే నిలబడుతడు గద." గ్లూకోజు గొట్టం ఉన్న చెయ్యి పక్కకి జరుపుకున్నాడు. "నేను ఫ్లైఓవర్లు కట్టిన మనిషిని. ఒక్క దిక్కు నుంచి కట్టుకుంట పోము. రెండు దిక్కుల నుంచి జరుపుకుంట వస్తం. నడిమి స్లాబ్ ఆఖరుకు ఎక్కిస్తం. ఈ దిక్కు పొద్దుగాల, ఆ దిక్కు సాయంత్రం. పద్నాలుగు నెలలాయె. రోడ్డొక్కటే మిగిలింది. దసరా అయినంక నేనే పక్కపొంటి నడిచి దాటిద్దామనుకుంటి. గింతలనే గిట్లాయె."

ఎంతమంది డాక్టర్లు, ఎన్ని రిపోర్టులు, ఎన్ని మీటింగులు! అందరూ 'మీ తర్వాత ఎవరు?' అనే అడిగారు. ఏడో తరగతితో చదువాపేసిన ఈ సెంట్రింగ్ మేస్త్రీ మాత్రం, 'నా తర్వాత వీడు ఎలా?' అని తనని తాను అడిగి, ఎవరికీ చెప్పకుండా, ఆవిడ చేత తిట్లు తింటూ, పద్నాలుగు నెలలు గజం గజం కట్టుకుంటూ వచ్చాడు. ఆవిడ రెండు చేతులూ జోడించింది. ఏడ్చింది.

"అయ్యో, గదేందమ్మా," అని కిష్టయ్య కంగారుపడ్డాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు. "నేను చూడకపోతి. జర చెప్పు, ఎట్ల దాటిండు?"

చెప్పింది. మోచేతులు ఎలా చాచాడో, బైకువాడు హారన్ కొడితే ఎలా ఆగాడో, డివైడర్ ఎలా ఎక్కాడో. ఆయన ఒకసారి విని తృప్తిపడలేదు, మళ్లీ మొదట్నుంచి చెప్పించుకున్నాడు. విన్నంతసేపూ కళ్ల నీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు.

ఆవిడ లేచి బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా. రేపు నువ్వు ఎంట పోవద్దు."

"కిష్టయ్యా, ఆ రోడ్డు..."

"భయం నాకు లేదా అమ్మా? ఉన్నది. కానీ రేపు నువ్వు ఎంట పోతే, ఎల్లుండి నీ కోసం నిలబడుతడు. పద్నాలుగు నెలలది ఒక్క దినంల పోతది."

ఆవిడ ఇంటికి వచ్చింది.

మర్నాడు ఎనిమిదింపావుకి లోహిత్ తలుపు తీసుకుని దిగాడు. ఆవిడ చెప్పులు వేసుకుంది. వీధి తలుపు తీసి లిఫ్టు మీట నొక్కింది. కిందికి దిగిన లిఫ్టు మళ్లీ పైకి వచ్చి నాలుగో అంతస్తులో నిలబడింది. ఆవిడ ఎక్కలేదు. చెప్పులు విప్పేసి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నేల మీద కూచుంది. బాల్కనీలోకి కూడా వెళ్లలేదు. ఫోను ఒళ్లో పెట్టుకుంది. ఎనిమిదిన్నర అయింది. ఎనిమిదీ ముప్పై ఐదయింది. ఎక్కడో పెద్దగా బ్రేకు చప్పుడైతే రెండు చేతులతో మొహం కప్పుకుంది. కానీ లేవలేదు.

తొమ్మిదికి ఎనిమిది నిమిషాలుందనగా ఫోను మోగింది. దవాఖానలో మొగుడి దగ్గర అల్లుణ్ణి కూచోబెట్టి, షట్టర్ తియ్యకపోతే సారు ఎక్కడికి పోతాడని తెల్లవారకముందే వచ్చి కొట్టు తెరిచిన లచ్చమ్మ చేసిన ఫోను అది.

"అమ్మా," అంది, "వచ్చిండు."